గంప కింద

మా మామ్మ కోళ్ల లెక్క పైకి చెప్పేది కాదు. ఎవరైనా "మీకెన్ని కోళ్లున్నాయండీ?" అంటే "ఏవో ఉన్నాయిలెండి" అనేసేది. లెక్క నోటితో అంటే మర్నాటికి ఒకటి తగ్గుతుందని ఆవిడ నమ్మకం. సాయంత్రం గంప కింద మూసేటప్పుడు మాత్రం పెదాలు కదపకుండా, చెయ్యి కొంగులో దాచుకుని, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకునేది. ఆ లెక్క నాకు తెలుసు. పధ్నాలుగు పెట్టలు, రెండు పుంజులు. పిల్లలెన్నో గుర్తు లేదు. గద్దలూ ముంగిసలూ తిరిగే ఊరు, పిల్లల లెక్క పొద్దున్నొకటి, సాయంత్రమొకటి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇల్లు చిన్నదే గానీ దొడ్డి పెద్దది. కొబ్బరిచెట్లు, పెంటపోగు, గేదెల పాక, ఆ చివర తాటాకు దడి. దడి అవతల ఒక అత్తయ్య. వరసకు అత్తయ్య గానీ చుట్టరికం ఏమీ లేదు. గోదావరి జిల్లాలో పక్కింటి వాళ్లకి వరస లేకపోతే మాట ముందుకు సాగదు కదా, అలాంటి వరస. వాళ్ల కోళ్లు మా పెంటపోగు మీదా, మా కోళ్లు వాళ్ల బావి గట్టు మీదా తిరిగేవి. దడికి కోడి దూరేంత కంత ఒకటుండేది. దాన్ని బాగు చేయాలని ఎవరికీ తోచలేదు.

1983 సంక్రాంతి అది. పండగకి అయిదు రోజుల ముందు రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. మా బాబాయ్ ఆ వారమంతా పసుపు కండువా దించలేదు, పందెం బరికి కూడా దాంతోనే వెళ్లాడు. కనుమ నాడు రెండు కోజలు పట్టుకొచ్చాడు. పందెంలో ఓడి చచ్చిన కోడిని మా వైపు కోజ అంటారు, గెలిచినవాడికి దక్కుతుంది. ఒకటి డేగ, ఇంకోటి నల్లకాకి. ఏ ఊరి పుంజులో, ఎవరింట్లో పెరిగాయో తెలీదు. దొడ్లోనే ఈకలు పీకారు. ఈకలూ పేగులూ పెంటపోగు మీద పడ్డాయి. ఈ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల పైన గడిచాక నాకు గుర్తొచ్చింది.

పధ్నాలుగు పెట్టల్లో ఒకటి నాది. చుక్కలపెట్ట. పిల్లగా ఉన్నప్పుడు కాలికి పురికొస చుట్టుకుని కుంటుతుంటే నేనే కత్తెరతో తీశాను, అందుకని మామ్మ నాకిచ్చేసింది. దాని గుడ్ల డబ్బులు నావి. పండగ తరవాత గుడ్లు మొదలెట్టింది. శివరాత్రికి కాలవ గట్టు మీద గుడి దగ్గర తీర్థం. రంగులరాట్నం, జీళ్లు, రబ్బరు గాజులు. గుడ్లన్నీ టీ కొట్టుకి వేసి ఆ డబ్బులు జామెట్రీ బాక్సులో దాచుకుంటున్నాను.

కోళ్లకి టీకాలు వేయడానికి పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు ఆ నెలలోనే వచ్చారు. ఆయన రావడమంటే ముందు రోజే వీధంతా చాటింపు. తెల్లారకముందే రావాలి, కోళ్లు గంపల కిందే ఉండాలి, ఒకసారి వదిలితే మళ్లీ దొరకవు. ఆయన భుజాన ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కు, దాన్లో వేలెడంత సీసా. సీసా అడుగున సుద్దముక్కలాంటిది అంటుకుని ఉండేది. చల్లటి సెలైను ఎక్కించి ఆడిస్తే కరిగిపోయేది. కలిపితే వంద కోళ్ల దాకా సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, ఎండ తగలకూడదు. అందుకని ఆయన ఇంటింటికీ దాదాపు పరిగెత్తేవారు. రెక్క ఎత్తి, ఆ సందులో పల్చటి చర్మం కింద అర సీసీ. కోడి ఒక్కసారి కెవ్వుమని ఊరుకునేది.

కిందటేడు సూది వేయించాక గుడ్లు ఆగిపోయాయి. "పెట్టే కోళ్లు కొన్నాళ్లు ఆపేస్తాయమ్మా, మళ్లీ మొదలెడతాయిలే" అన్నారాయన అప్పుడు. ఆ ముక్క నా బుర్రలో ఉండిపోయింది.

ఆ రోజు మామ్మ ఊళ్లో లేదు. అత్తిలిలో ఎవరికో పురుడు. వెళ్తూ వెళ్తూ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "గంప నువ్వెత్తకు. ఆయనొచ్చాకే ఎత్తు. ఈ డబ్బులు ఆయనకియ్యి." తాతయ్య పొలానికి వెళ్లిపోయాడు. అమ్మ వంటింట్లో ఉంది. నేను చీకట్లోనే లేచి, చుక్కలపెట్ట ఒక్కదాన్నే తప్పిద్దామని గంప ఓరగా ఎత్తాను. గంప కింద కోళ్ల మీద పదేళ్ల పిల్ల పెత్తనం ఎంతసేపు? చుక్కలపెట్టతో పాటు అన్నీ నా కాళ్ల సందుల్లోంచి దొర్లుకుంటూ వెళ్లిపోయాయి. వెలుగు రాని దొడ్లో రెక్కల చప్పుడు తప్ప ఏమీ కనపడలేదు.

కాంపౌండరు గారు వచ్చేసరికి నేను బోర్లించిన ఖాళీ గంప పక్కన నిలబడి ఉన్నాను. "మా కోళ్లకి అయిపోయిందండి. తాతయ్య ఆసుపత్రికి తీసుకెళ్లి వేయించేశాడు" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. పదహారు కోళ్లని సైకిలు మీద ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఆయన ఫ్లాస్కు వంక చూసుకుని "సరే అయితే" అని దడి అవతలికి వెళ్లిపోయారు. అటు నుంచి ఒక్కో కోడీ కెవ్వుమనడం వినిపించింది. ఎన్నిసార్లో లెక్కపెట్టాను. తొమ్మిది.

మామ్మ వచ్చి అడిగింది. "అన్నిటికీ వేశారా?"

"ఆఁ."

"చుక్కలపెట్టకి?"

"దానిక్కూడా."

టీకా డబ్బులు జామెట్రీ బాక్సులో ఉన్నాయి.

పది రోజులో, పన్నెండు రోజులో. ఒక పొద్దున్న గంప ఎత్తితే రెండు పెట్టలు చచ్చి ఉన్నాయి. రాత్రి మేత తిన్నవి, మంచిగా మూసినవి. ఒంటి మీద గాటు లేదు. మామ్మ వాటిని తిరగేసి మరగేసి చూసి పాము అనుకుంది, గంప చుట్టూ చీపురుతో వెతికింది. ఆ రెండూ ఎందుకు చచ్చాయో ఈ రోజుకీ నాకు తెలీదు. ఆ తరవాతవి వేరు. వాటికి కునుకు వచ్చింది. రెక్కలు జారేసి, ఈకలు ఉబ్బించి, ఎండలో నిలబడి నిద్రపోయేవి. అదిలిస్తే రెండడుగులు వేసి మళ్లీ కళ్లు మూసేవి. తురాయి నల్లబడింది. రెట్ట ఆకుపచ్చగా, సున్నం కలిసినట్టు. ఊపిరి తీసుకోవాలంటే మెడ ముందుకి చాచి నోరు తెరిచేవి, లోపల్నించి తడి గుడ్డ పిండినట్టు ఒక చప్పుడు. మూడో రోజుకి మా పెద్ద పుంజు మెడ తిరిగిపోయింది. ముక్కు ఆకాశం వైపు పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తుంటే నేను మొదట నవ్వాను. అది చెప్పాలి. నవ్వాను.

మామ్మ వైద్యం మొదలెట్టింది. పసుపు, వెల్లుల్లి, మిరియాలు కలిపి నూరి కందిగింజంత ఉండలు చేసి, నేను కోడిని ఒళ్లో పెట్టుకుని నోరు తెరిస్తే గొంతులోకి తోసేది. నా గౌను అంతా పసుపు. ఆ నాలుగైదు రోజులూ ఇంట్లో వెల్లుల్లీ, కోడి ఒంటి వేడి, తడి తవుడూ కలిసిన ఒక వాసన. తాతయ్య ఊళ్లో డాక్టరు దగ్గర్నుంచి ఎరుపూ పసుపూ రంగుల గొట్టం బిళ్లలు తెచ్చి, విప్పి, పొడిని నీళ్లలో కలిపి పట్టించాడు. కొన్ని తాగాయి, కొన్నిటికి ముక్కులోంచి కారిపోయింది. ఏదీ నిలబడలేదు. కొత్తగా కునుకు మొదలైనవాటిని రెండిటిని కోసేశారు, ఎలాగూ పోయేదే కదా అని. కూర వండారు. నేను తిన్నాను. బాగానే ఉంది.

చుక్కలపెట్ట ఎన్నో రోజున పోయిందో చెప్పలేను. ఎంత ప్రయత్నించినా దాని చావు నాకు గుర్తు రాదు. గుర్తున్నదల్లా పెంటపోగు పక్కన అది ఆఖర్న పెట్టిన గుడ్డు. పెంకు లేదు, పల్చటి తోలు సంచీలా ఉంది, చేత్తో ఎత్తబోతే జారిపోయింది.

చచ్చినవాటిని కొన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతారు. కొన్ని బాబాయ్ కాలవలో పారేశాడు. అందరూ అలాగే చేసేవారు. కాలవ దిగువన ఎన్ని ఊళ్లున్నాయో ఎవరికీ పట్టేది కాదు.

దడి అవతల తొమ్మిది కోళ్లూ తిరుగుతూనే ఉన్నాయి. మామ్మ అరుగు మీద కూర్చుని వాటినే చూసేది. "మనవే పోవాలా? టీకా మనమూ వేయించాం, వాళ్లూ వేయించారు. వాళ్లది ఒక్కటీ పోలేదేం?" అంది ఒక మధ్యాహ్నం. జవాబు నా దగ్గరుంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. వీపు మీద నాలుగు పడేవి, అంతే.

దాళ్వా నాట్లు పడ్డాక ఎలుకల బెడద ఎక్కువ. రెండు రోజుల ముందు దడి అవతల మావయ్య పగిలిన కుండ పెంకులో నూకలు పోసి, నూనె చిలకరించి, బూడిద లాంటి నల్లటి పొడి కలుపుతుండగా చూశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని పుల్లతో కలుపుతున్నాడు. చూసినంతవరకూ నిజం. దాని తరవాత ముక్క నాది. "దడి కంత దగ్గర నల్లటి నూకలు పడున్నాయి మామ్మా. మన కోళ్లు తింటున్నాయి" అన్నాను.

మామ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే చచ్చిన పెట్టని తెప్పించి, మెడ కింద మేత సంచి కత్తిపీట మీద కోసింది. వాసన చూసింది. తాతయ్యని పిలిచి ఆయన చేత చూపించింది. ఎలుకల మందు వెల్లుల్లి వాసన వేస్తుందని రైతు ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. సంచి నిండా వెల్లుల్లి వాసనే. రెండు రోజులుగా తన చేత్తోనే ఆ గొంతులోకి వెల్లుల్లి తోసిన సంగతి ఆవిడకి ఆ క్షణాన తోచలేదు. తాతయ్యకీ తోచలేదు. నాకు తోచింది. నిలబడి చూస్తున్నాను.

ఆ సాయంత్రం దడి దగ్గర జరిగిన గొడవలో మాటలు గుర్తు లేవు, గొంతులే గుర్తున్నాయి. మామ్మ గొంతు అంత పైకి లేవగలదని అంతకు ముందు తెలీదు. అత్తయ్య మొదట తిరిగి అరిచింది, తరవాత ఏడ్చింది, ఆ తరవాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మర్నాడు బాబాయ్ దడి కంతకి అడ్డంగా తాటి మట్టలు కట్టాడు. కాంపౌండరు గారిని పిలవాలని తాతయ్య అన్నాడు గానీ, ఆయన వచ్చేసరికి కోసి చూపించడానికి కోడి మిగల్లేదు. మిగిలింది ఒక్క కుంటి పెట్ట. దానికి ఏమీ కాలేదు, ఎందుకు కాలేదో అదీ తెలీదు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఆసుపత్రికి ఎప్పుడు తీసుకొచ్చారండీ?" అని అడుగుతారేమో అని నేను పాకలో గడ్డివాము వెనక దాక్కున్నాను. అడిగారో లేదో నాకు తెలీదు. రాత్రి ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

శివరాత్రి తీర్థానికి వెళ్లాను. గుడ్ల డబ్బులూ, టీకా డబ్బులూ కలిపి పట్టుకెళ్లాను. రంగులరాట్నం ఎక్కాను. జీళ్లు కొన్నాను. కాగితం పొట్లంలో బెల్లం పాకం కరిగి వేళ్లకి అంటుకుంది.

ఏప్రిల్లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. డిపో దగ్గర వరసలో మామ్మా, అత్తయ్యా నిలబడేవారు, మధ్యలో నలుగురైదుగురు ఉండేలా చూసుకుని. ఆ ఎడం అలాగే ఉండిపోయింది. పదకొండేళ్ల తరవాత మామ్మ పోయిన రోజు అత్తయ్య వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఆవిడని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

2006 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూతో మహారాష్ట్రలో నవాపూర్ పేరు టీవీలో మోగిపోయింది. తెల్ల సూట్లూ, ముసుగులూ వేసుకున్న మనుషులు కోళ్లని సంచుల్లో కుక్కుతున్నారు. మా వీధిలో చికెన్ కొట్టు వాడు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే మా బంధువుల్లో ఒక వెటర్నరీ డాక్టరమ్మ భోజనానికి వస్తే, ఎన్నడూ ఎవరితోనూ అననిది ఆవిడతో అన్నాను. అబద్ధం సంగతి కాదు, కోళ్ల లక్షణాల సంగతి. మెడ తిరగడం, ఆకుపచ్చ రెట్ట అనగానే "కొక్కెర" అంది. పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి. కుమావూ కొండల్లో ఊరి పేరు అది, మన దేశంలో దాన్ని అక్కడ 1927 ప్రాంతంలో గుర్తించారు. ఇంగ్లండులో అంతకు ఏడాది ముందు న్యూకాజిల్ దగ్గర కనిపించింది కాబట్టి వాళ్లకి న్యూకాజిల్. వైరస్ కాబట్టి గొట్టం బిళ్లలు దాన్నేమీ చెయ్యవు. ఆ టీకా కూడా ఆ కొండల్లోని ముక్తేశ్వర్ పేరు మీదే ఉందట.

"టీకా వేయించి ఉంటే బతికేవా?" అన్నాను.

ఆవిడ అన్నం కలుపుతూ ఆలోచించింది. "ఐసు కరిగిపోయి ఉంటే టీకా నీళ్లతో సమానం. అప్పటికే రోగం ఒంట్లో ఉంటే టీకా వేసినా ఆగదు. బయటి కోళ్లేమైనా వచ్చాయా?" అంది. అప్పుడు గుర్తొచ్చాయి, బాబాయ్ తెచ్చిన కోజలు. కానీ కనుమకీ ఆ చావులకీ మధ్య మూడు వారాల పైన ఉంది. అంత ఆలస్యంగా రావడం కుదురుతుందా అంటే, ఒక కోడి నుంచి ఇంకోదానికి మెల్లగా పాకి ఉండొచ్చు, కాకులు తెచ్చి ఉండొచ్చు, కాలవ నీళ్లు తెచ్చి ఉండొచ్చు అంది. మరి మొదటి రాత్రి పోయిన రెండూ? "వాటికి ఏదైనా అయుండొచ్చు" అంది, పెరుగు వేసుకుంటూ. ఆ జవాబుతో నాకు ఊరట కలిగిందని చెప్పుకున్నాను. కలగలేదు. నేను అడగాల్సింది కోళ్ల గురించి కాదు కదా.

2025 ఫిబ్రవరిలో ఒక గృహప్రవేశానికి ఊరు వెళ్లాను. సరిగ్గా అప్పుడే వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. భోపాల్‌కి పంపిన నమూనాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. ఫారం చుట్టూ కిలోమీటరు లోపు కోళ్లన్నిటినీ చంపి పాతిపెడుతున్నారు, పది కిలోమీటర్ల దాకా నిఘా. మా ఊరు ఆ పది కిలోమీటర్ల గీత లోపలే. గృహప్రవేశం భోజనాల్లో కోడి మాట వస్తే అందరూ గొంతు తగ్గించేవారు. చికెన్ కొట్టు షట్టరు దించి ఉంది.

అత్తయ్యకి ఎనభై దాటాయి. దడి లేదు, సిమెంటు గోడ. మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ వెనక వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. చెప్పేద్దామనే వెళ్లాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. కాఫీ తాగాక అన్నాను. "అత్తయ్యా, మా కోళ్లన్నీ చచ్చిపోయినప్పుడు మామ్మ మీతో గొడవ పడింది, గుర్తుందాండీ?"

"కోళ్లా?" అంది. "కోళ్ల గురించి ఎందుకే గొడవ? మునగచెట్టు గురించి. మీ వైపు వాలిన కొమ్మ మీ మావయ్య కొట్టించాడని. కాయలన్నీ మీ మామ్మే కోసుకునేది అప్పటిదాకా."

"కాదండీ, ఎలుకల మందు పెట్టారని..."

"మీ మామ్మా? అంత మాట అనదే ఆవిడ. నోరు పెద్దదే గానీ." కాసేపు ఆగి, "మునగచెట్టే" అని ఖాయం చేసింది. మునగచెట్టు నాకు గుర్తే లేదు. ఇంక నేను చెప్పాల్సింది ఏ వైపు నుంచి మొదలెట్టాలో తెలీలేదు. మొదలెట్టబోయాను కూడా. ఇంతలో ఆవిడ "ఏవే, కాస్త ఆ కోళ్లని మూసెయ్యి. నాకు వంగడం అవట్లేదు. మైకులో ఏదో అరుస్తూ పోయారు, వదలొద్దని" అంది.

గంప అదే రకం, వెదురుది. నూకలు చల్లి పిలిస్తే వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ లోపలికి తోసి పైన బండ పెట్టాను. ఏడు.

పావుగంటకి పుస్తకం పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. పశువుల ఆసుపత్రి నుంచట. ఇరవై రెండో, మూడో ఉంటాయి, మాస్కు మీంచి కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. "మామ్మగారూ, కోళ్లెన్ని ఉన్నాయండి?"

"ఏవో ఉన్నాయిలేమ్మా."

"లెక్క రాసుకోవాలండి. చంపడానికి కాదు, ఊరికే లెక్కకి. ఏదైనా కునుకుతుంటే మాకు ఫోన్ చెయ్యండి."

అత్తయ్య గంప వైపు చూడలేదు. చెయ్యి కొంగు కింద ఉంది. "నాలుగు" అంది.

ఆ అమ్మాయి పెన్ను ఎత్తి, ఆగి, నా వైపు తిరిగింది. "నాలుగేనాండీ?"

గంప లోపల్నించి ఏదో వెదురు సందులోంచి ముక్కు బయటపెట్టి నా చీర అంచు లాగుతోంది.

"నాలుగే" అన్నాను.